అమ్మమ్మ ఇంటికి ఎన్ని మెట్లు?

మా అమ్మాయికి 1910 వచ్చింది.

ఏడో తరగతి చరిత్ర టీచరు ఒక డబ్బాలో చీటీలు వేసి, పిల్లలను తలా ఒక సంవత్సరం తీయమన్నారట. ఆ ఏడాది ప్రపంచంలో జరిగిన పది సంగతులు ఏరి, పెద్ద అట్ట మీద అతికించి, ఒక్కొక్కటీ ఎందుకు ఎంచుకున్నారో తరగతి ముందు నిలబడి చెప్పాలి. "1912 వచ్చినవాళ్లకు టైటానిక్ ఉంది. నాకు ఏముందమ్మా?" అంటూ దిగాలుగా ఇంటికి వచ్చింది.

మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఆదివారాలు తెలుగు బడికి వెళుతుంది. తెలుగు బాగానే చదువుతుంది, రాయడమే కాస్త నెమ్మది. నేను విజయనగరం దగ్గర ఒక పల్లెలో పుట్టి పెరిగాను. ఇద్దరమూ ఒకే బల్ల దగ్గర కూర్చుని 1910ని చూడడం మొదలుపెట్టాక, మా ఇద్దరికీ కనిపించేది ఒకే సంవత్సరం కాదని తెలియడానికి రెండు రోజులు చాలలేదు.

తన జాబితా చకచకా తయారైంది. మే 6న బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ మరణం. అక్టోబరు 5న పోర్చుగల్‌లో రాచరికం పోయి గణతంత్రం రావడం. నవంబరు 20న మెక్సికోలో విప్లవానికి పిలుపు. అదే రోజున రష్యాలో ఒక చిన్న రైల్వే స్టేషనులో టాల్‌స్టాయ్ కన్నుమూయడం. ఆగస్టులో ఫ్లారెన్స్ నైటింగేల్ మరణం. హేలీ తోకచుక్క. అట్ట మీద అన్నీ అందంగా సర్దింది. నేను దాన్ని ఒకసారి చూసి, "ఇందులో మనవాళ్లు ఎక్కడ ఉన్నారు?" అని అడిగాను. గొంతులో కోపం నాకే వినిపించింది.

"ఇది మనవాళ్ల గురించి కాదమ్మా, సంవత్సరం గురించి" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. పదమూడు వేల కిలోమీటర్ల అవతల నుంచి మోసుకొచ్చినవి ఈ పిల్లకు ఒక్కటొక్కటిగా అందిస్తున్నాననే అనుకుంటూ వచ్చాను. వంట, పండుగ, పద్యం, పెద్దలకు పెట్టే దణ్ణం. ఇప్పుడు ఒక పాత సంవత్సరం చేతికి వస్తే, అందులో మేము లేకుండానే అది నిండుగా ఉన్నట్టు తనకు కనిపిస్తోంది.

అప్పుడు తోకచుక్క సాయానికి వచ్చింది.

తన పుస్తకంలో ఆ తోకచుక్క గురించి రెండే ముక్కలు ఉన్నాయి. దాని తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మే 18, 19 తేదీల్లో భూమి ఆ తోకలోంచి దూసుకుపోతుందని తెలిసి, అమెరికాలో జనం తాళపు కన్నాలకు గుడ్డలు కుక్కుకున్నారు. తోకచుక్క మాత్రలంటూ అమ్మినవాళ్లూ ఉన్నారు. నేను అలమరలోంచి గురజాడ అప్పారావు గారి పుస్తకం తీశాను. సరిగ్గా ఆ 1910లోనే ఆంధ్రభారతి పత్రికలో వచ్చిన ముత్యాల సరాలలో ఆ తోకచుక్కే ఉంది. అక్కడ చాలామంది దాన్ని చూసి కీడు శంకిస్తుంటే, గురజాడ దాన్ని భూమికి దూరపు చుట్టం అన్నారు. దారిన పోతూ ఒకసారి చూసిపోదామని వచ్చిన చుట్టం. సంఘ సంస్కరణకు పట్టిన జెండాగా కూడా ఆయనకు అది కనిపించింది. ఈ పద్యాలు రాసిన మనిషి బతికిన విజయనగరం, అమ్మమ్మ సంతకు వెళ్లే విజయనగరం ఒకటే అని చెప్పాను.

అమ్మాయి ఆ పంక్తులు తనే కూడబలుక్కుని చదివింది. దూరపు చుట్టం అన్న మాట దగ్గర ఆగింది. "అంటే మనం అమ్మమ్మ దగ్గరికి వెళ్లినట్టా?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

1986లో ఆ చుట్టం మళ్లీ వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు. తెల్లవారుజామున నాన్న నన్ను మేడ మీదికి ఎత్తుకెళ్లి, ఆకాశంలో ఒక మసక మరకను చూపించారు. 1910లో అది తాటిచెట్ల మీద చీపురుకట్టలా నిలబడిందని వాళ్ల నాయనమ్మ చెప్పేదట. మళ్లీ వచ్చేది 2061లో. అప్పటికి మా అమ్మాయికి దాదాపు యాభై ఏళ్లుంటాయి. ఎక్కడ నిలబడి చూస్తుందో, పక్కన ఎవరుంటారో! తోకచుక్క కాగితాన్ని ఆ రాత్రి అట్ట అంచు నుంచి తీసి నడిమధ్యలో అతికించింది.

అక్కడి నుంచి వెతుకులాట మా ఇద్దరిదీ అయింది. ఆ ఏడాది ఉగాదితో మొదలైన తెలుగు సంవత్సరం పేరు చూసి చెప్పాను: సాధారణ. రాజు పోయి, విప్లవం పుట్టి, ఆకాశంలో చుక్క లేచిన సంవత్సరానికి ఆ పేరా అని అమ్మాయి ఆశ్చర్యపోయింది. అరవై పేర్లు వరుసగా తిరుగుతాయని, ఏం జరగబోతోందో చూసి పెట్టినవి కావని వివరించాను. ఈ సంగతి తన స్నేహితురాలికి చెబితే ఆ అమ్మాయి గంతులేసిందట. వాళ్లు కొరియావాళ్లు. వాళ్లకూ అరవై ఏళ్ల పేర్ల చక్రం ఉంది, అందులో 1910 పేరు గ్యోంగ్సుల్. ఆ పేరు వింటేనే వాళ్ల బామ్మ మొహం మారిపోతుందట. ఆగస్టు 22న సంతకాలు చేయించి, 29న ప్రకటించి, జపాన్ ఆ దేశాన్ని తనలో కలిపేసుకుంది. కొరియావాళ్లు దాన్ని గ్యోంగ్సుల్ సంవత్సరపు జాతి అవమానం అని అంటారు. పిల్లలిద్దరూ వాళ్ల వాళ్ల సంవత్సరాల పేర్లు ఒకరికొకరు నేర్పుకున్నారు. మా ఇంట్లో ఒక కొరియా పిల్ల "ప్రభవ, విభవ, శుక్ల" అని అప్పజెప్పడం విన్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఏడో ఎడ్వర్డు గారు అట్ట మీది నుంచి కిందికి దిగిపోయారు, కొరియా పైకెక్కింది.

ఇక గాంధీ. 1910 మే 31న దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పడింది, తెల్లవారి చేతిలో దేశం మొత్తాన్ని ఒక్కటి చేస్తూ. దానికి ఒక్కరోజు ముందు, మే 30న, జోహాన్నెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరంలో ఉన్న తన 1,100 ఎకరాల తోటను హెర్మన్ కాలెన్‌బాక్ అనే జర్మన్ యూదు ఆర్కిటెక్టు సత్యాగ్రహుల కుటుంబాలకు అద్దె లేకుండా ఇచ్చాడు. దానికి టాల్‌స్టాయ్ ఫార్మ్ అని పేరు పెట్టారు. జైలుకు వెళ్లినవాళ్ల భార్యాబిడ్డలు అక్కడ ఉన్నారు. నౌకర్లు లేరు. చెప్పులు కుట్టుకోవడం దగ్గర నుంచి మరుగుదొడ్ల శుభ్రం దాకా అన్నీ వాళ్లే చేసుకున్నారు. సొంత పని మీద ఊళ్లోకి వెళ్లాలంటే కాలినడకే. టాల్‌స్టాయ్ ఆ సంవత్సరం సెప్టెంబరులో గాంధీకి సుదీర్ఘమైన ఉత్తరం రాసి, నవంబరులో పోయాడు. అమ్మాయి జాబితాలో విడివిడిగా పడి ఉన్న రెండు సంగతుల మధ్య ఇలా ఒక దారం దొరికింది.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఆ తోటలోని బడి. అక్కడ ఉన్నవాళ్లు గుజరాత్ నుంచి, తమిళనాడు నుంచి, ఆంధ్రదేశం నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లని గాంధీయే రాశారు. బడిలో మాతృభాషల్లోనే చెప్పేవారనీ, హిందీ, తమిళం, గుజరాతీ, ఉర్దూ నేర్పేవారనీ కూడా రాశారు. ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను. అందులో తెలుగు లేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన మొదటి ఓడ ట్రూరోలోనే తెలుగువాళ్లు ఉన్నారు, చెరకు తోటల్లో కూలి ఒప్పందాల మీద వచ్చినవాళ్లు. యాభై ఏళ్ల తర్వాత ఆ తోటలో ఒక తెలుగు పిల్లో పిల్లవాడో ఉండి ఉంటే, ఏ వరుసలో కూర్చుని ఉంటారు? రాత్రి వాళ్ల అమ్మ ఏ భాషలో కథ చెప్పి ఉంటుంది? ఆదివారం పొద్దున తెలుగు బడికి లేవనని మారాం చేసే నా కూతురిని లేపేటప్పుడు ఇప్పుడు నాకు ఆ బడి గుర్తుకొస్తుంది.

ఈ సంగతి చెబితే అమ్మాయి శ్రద్ధగా విని, ఒక కాగితం మీద రాసుకుంది. తర్వాత తను అంది, "నాకు ఇంకొకటి కూడా కావాలి. ఏంజెల్ ద్వీపం."

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో ఉన్న దీవి అది. 1910 జనవరి 21న అక్కడ వలసదారులను ఆపి ప్రశ్నించే కేంద్రం తెరిచారు. మా ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం. పదహారేళ్లుగా ఇక్కడ ఉండి నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. "అది చైనావాళ్ల కథ కదా" అన్నాను.

"అది ఇక్కడి కథ. మనం ఇక్కడే కదా ఉంటున్నాం" అంది.

శనివారం పడవెక్కి వెళ్లాం. రేవు నుంచి కొండ అంచున నడిస్తే ఆ చెక్క కట్టడాలు వస్తాయి. ఒక గదిలో మూడేసి వరుసల ఇనుప మంచాలు, ఎదురుగా నీళ్లు, కిటికీకి వల. చైనా కూలీలు అమెరికాలో అడుగుపెట్టకూడదని 1882లోనే చట్టం చేశారు. ఇక్కడి పౌరుల బిడ్డలకు మాత్రం అడ్డు లేదు. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో తగలబడినప్పుడు పుట్టుక రికార్డులు కాలిపోయాయి. దాంతో ఎవరు నిజమైన కొడుకో, ఎవరు కాగితాల మీది కొడుకో తేల్చడానికి అధికారులు ప్రశ్నలు మొదలుపెట్టారు. తండ్రిని ఒక గదిలో, కొడుకుని ఇంకో గదిలో. మీ ఊళ్లో మీ వరుసలో ఎన్ని ఇళ్లు? మూడో ఇంట్లో ఎవరుంటారు? బావి ఎటువైపు? మీ ఇంటికి ఎన్ని మెట్లు? ఇద్దరి జవాబులు కలవకపోతే వెనక్కి పంపించేవారు. పిల్లలు ఓడలో ఆ జవాబులు బట్టీ పట్టి, రేవు రాకముందే కాగితాలు సముద్రంలో పారేసేవారట. వారాలు, నెలలు అక్కడే ఎదురుచూసినవాళ్లు గోడల మీద పద్యాలు చెక్కారు. రంగు మీద రంగు వేసినా ఆ అక్షరాలు పోలేదు. మన దేశం నుంచి వచ్చినవాళ్లు కూడా ఆ గదుల్లో ఉన్నారు, ఎక్కువమంది పంజాబు రైతులు. కడుపులో కొంకి పురుగులున్నాయని, పోషణకు సర్కారు మీద పడతారని కారణాలు చెప్పి చాలామందిని తిప్పి పంపారు.

చైనావాళ్ల కథ అని నోరుజారిన నేను ఆ గోడల ముందు చాలాసేపు నిలబడ్డాను. నేను ఈ దేశానికి విమానంలో, కళాశాల ఇచ్చిన కాగితాలతో వచ్చాను. ప్రశ్నలు నన్నూ అడిగారు, ఐదు నిమిషాలు. నాకు దక్కిన ఆ ఐదు నిమిషాల వెనుక ఈ గది ఉందని, ఇక్కడ పుట్టిన నా బిడ్డ చేయి పట్టుకుని తీసుకొస్తే గానీ చూడలేదు.

తిరుగు పడవలో అమ్మాయి నన్ను ప్రశ్నించడం మొదలుపెట్టింది, అధికారిలా నిటారుగా కూర్చుని. "మీ ఊళ్లో మీ వరుసలో ఎన్ని ఇళ్లు?"

"ఐదు."

"ఆరు. చివర్లో టైలరు తాతగారి ఇల్లు మరిచిపోయావు." ఆ ఇల్లు నేను వచ్చేశాక కట్టింది. "బావి ఎటువైపు?"

"పెరట్లో, కొబ్బరిచెట్టు పక్కన."

"బావి లేదు. మోటారు ఉంది." బావి పూడ్చింది తను పుట్టక ముందు. "ఇంటికి ఎన్ని మెట్లు?"

"ఎనిమిది" అన్నాను. దానికి మాత్రం నాకు అనుమానం లేదు. ఆ మెట్ల మీద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నాను.

"ఏడు" అంది తను. రెండేళ్ల కిందట వేసవిలో నెల రోజులు ఎక్కి దిగిన కాళ్లు దానివి.

ఇద్దరం పట్టుబట్టాం. రేవు చేరి, కారెక్కి, ఇంటికి వచ్చేదాకా అదే మాట. ఇక్కడ శనివారం రాత్రి అయ్యేసరికి అక్కడ ఆదివారం పొద్దున. అమ్మకు ఫోను చేశాను. అమ్మాయి ఫోను లాక్కుని, "అమ్మమ్మా, వీధిలోకి వెళ్లి మెట్లు లెక్కపెడతావా? ఒక్కొక్కటీ పైకి చెబుతూ" అంది. ఎందుకని అమ్మ అడగలేదు. చెప్పుల చప్పుడు వినిపించింది, తర్వాత గేటు కిర్రుమంది. ఒకటి, రెండు, మూడు అంటూ అమ్మ నెమ్మదిగా దిగడం విన్నాం. ఏడు అని ఆగింది. అమ్మాయి నావైపు గెలిచినట్టు చూసింది.

"ఏడేనమ్మా" అంది అమ్మ. "మొన్నమొన్నటిదాకా ఎనిమిది ఉండేవి. సిమెంటు రోడ్డు ఎత్తుగా వేశారు కదా, కింది మెట్టు దానిలో కలిసిపోయింది."

అమ్మాయి ఏమీ అనలేదు. ఫోను నా చేతికి ఇచ్చి, బల్ల దగ్గరికి వెళ్లి అట్టను వెనక్కి తిప్పింది. టీచరు చూడని ఆ వైపు, తెలుగులో, నెమ్మదిగా రాయడం మొదలుపెట్టింది: అమ్మమ్మ ఇంటికి మెట్లు 8. ఒకటి రోడ్డు కింద ఉంది.