శాన్ ఆంటోనియోలో జెస్సీ ట్రెవిన్యో గోడలు

టెక్సాస్‌లోని డల్లాస్ నుంచి 35వ నంబరు ఇంటర్‌స్టేట్ రహదారి మీదుగా శాన్ ఆంటోనియో చేరాక, అందరూ ముందుగా చూసే చారిత్రక కోట అలమోను తర్వాతకు ఉంచి, మేము నేరుగా మైలం పార్కుకు వెళ్ళాం. పార్కు ఎదుట ఉన్న పిల్లల ఆసుపత్రి గోడను తొమ్మిది అంతస్తుల మేర ఆక్రమించి చిత్రకారుడు జెస్సీ ట్రెవిన్యో 1997లో పూర్తిచేసిన ‘స్పిరిట్ ఆఫ్ హీలింగ్’ అనే కుడ్యచిత్రం ఉంది. పావురాన్ని పొదివి పట్టుకున్న బాలుడు, అతని వెనుక రక్షణగా నిలిచిన దేవదూత. దూరానికి కుంచెతో వేసినట్టే అనిపించే బాలుడి చెంప, నిదానించి చూస్తే చేత్తో కోసి అతికించిన టైల్ ముక్కలుగా విడివడుతుంది. దేవదూత రెక్క విరిగి ఉంది. బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చే తల్లిదండ్రులు తలెత్తితే కనిపించే రెక్క అది.

ట్రెవిన్యో 1946లో మెక్సికోలోని మాంటెరేలో పుట్టి, ఈ నగరం పడమటి వాడల్లో పెరిగారు. న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్ అనే చిత్రకళా పాఠశాలలో చదువుతుండగా సైన్యంలో చేరక తప్పలేదు. 1967లో వియత్నాంలో తీవ్రంగా గాయపడ్డారు. బొమ్మలు వేసే కుడిచేతిని కొన్నేళ్ళకు తొలగించాల్సి వచ్చింది. ఎడమచేతిని మొదటినుంచీ అలవాటు చేసుకుంటూ, తన పడకగది గోడకు నల్లరంగు పూసి, దానిమీద 1971-73 మధ్య ‘మి విదా’ (నా జీవితం) చిత్రించారు. కృత్రిమ చేయి, యుద్ధంలో గాయపడిన అమెరికన్ సైనికులకిచ్చే, దానికి వేలాడే పర్పుల్ హార్ట్ పతకం, కాఫీ కప్పు, మందుబిళ్ళ అందులో ఉన్నాయి. ఆ చిత్రం విలువ తెలిసినవారు తర్వాత గోడనే ఇంటినుంచి వేరుచేసి భద్రపరిచారు.

ఆయన గురించి రాసేవారు చాలామంది ఈ ఎడమచేతి కథ దగ్గరే ఆగిపోతారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ తర్వాతి ప్రయాణం. తన బాధను గదిగోడపై చెప్పుకున్న మనిషి, ఆ వెంటనే బేకరీని, రాస్పా అనే ఐస్ గోలా అమ్మే వ్యక్తిని, తన అన్నదమ్ములను ఫొటో అంత స్పష్టంగా యాక్రిలిక్ రంగుల్లో కాన్వాసుకెక్కించారు. అన్నదమ్ముల చిత్రం ‘మిస్ ఎర్మానోస్’ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సేకరణలో ఉంది. మ్యూజియం మెట్లెక్కని జనం కూడా చూడాలంటే బొమ్మ వీధిలోకి రావాలి. టెక్సాస్ ఎండకు వెలిసిపోకుండా నిలవాలంటే రంగుకంటే కాల్చిన టైలే నయం. ఆయన మాధ్యమం మారడంలో నాకు కనిపించిన న్యాయం ఇది.

మధ్యాహ్నం గ్వాడలూప్ వీధికి వెళ్ళి, 2003 నాటి ‘లా వెలదోరా’ చూశాం. మెక్సికన్ ఇళ్ళలో దేవుడి ముందు వెలిగించే గాజు కొవ్వొత్తి రూపాన్ని నలభై అడుగుల ఎత్తున, గోడనుంచి ముందుకు పొడుచుకొచ్చేలా మొజాయిక్‌లో (టైల్ ముక్కల అతుకుపనిలో) నిలిపి, దానిపై మెక్సికన్లు కొలిచే మేరీమాత రూపమైన గ్వాడలూప్ మాతను తీర్చారు. ఇక్కడ టైల్స్‌ను దగ్గరనుంచి చూడవచ్చు: ముక్కల అంచులు ఒకదానికొకటి సరిపోలవు, మధ్యలో సిమెంటు గీతలు కనిపిస్తాయి, కానీ రెండడుగులు వెనక్కి వేయగానే వస్త్రపు మడతలు కుదురుకుంటాయి. ట్రెవిన్యో 2023లో కన్నుమూశారు. శాన్ ఆంటోనియో వెళ్ళే తెలుగువారు నది ఒడ్డున ఉన్న పర్యాటక నడకదారి రివర్‌వాక్‌తోనే తిరిగి రాకుండా, ఈ వీధికి కూడా ఒక పూట కేటాయించుకోవాలని కోరుతున్నాను.