లెగ్‌రూమ్ సీటు కొనేముందు ఆ ఖాళీ ఎందుకుందో చూడండి

నేను ఆరడుగుల రెండంగుళాలు. ఈ ఎత్తు పెళ్ళిచూపుల్లో తప్ప ఎక్కడా పనికిరాలేదు, ఫ్లైట్లో అయితే శిక్షే. మన దగ్గర తిరిగే ఎయిర్‌బస్ ఎ320 విమానాల్లో ఎకానమీ సీటు పిచ్, అంటే ఒక సీటు నుంచి దాని వెనక సీటుకి ఉండే దూరం, చాలావరకు 28 నుంచి 30 అంగుళాలు, అందులో సీటు మందం కూడా కలిసిపోయి ఉంటుంది, ఇంక మోకాళ్ళకి మిగిలేదెంతో చూస్కోండి. అందుకే డబ్బులు పోయినా ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ కొంటాను. కానీ ఆ పేరుతో అమ్మే సీట్లన్నీ ఒకటి కాదండి బాబూ.

ఎగ్జిట్ రో, అంటే ఎమర్జెన్సీ డోర్ పక్క వరస, అక్కడి ఖాళీ మన సుఖం కోసం వదల్లేదు. కొత్త మోడల్ విమానానికి పర్మిషన్ రావాలంటే సగం డోర్లు వాడకుండా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని చూపించాలి, అందుకోసం వదిలిన దారి అది. కాబట్టి టేకాఫ్, ల్యాండింగ్ టైములో చిన్న హ్యాండ్‌బ్యాగ్ కూడా కాళ్ళ దగ్గర ఉండనివ్వరు, పైన పెట్టాల్సిందే. ఎ320లో రెక్కల దగ్గర ఒకదాని వెనక ఒకటి రెండు ఎగ్జిట్ రోలు ఉంటాయి, చాలా ఫ్లైట్లలో అవి 12, 13. 12 వెనక్కి వాలదు, వాలితే 13 వాళ్ళ దారికి అడ్డం కదా. రేటు అదే ఉంటే కళ్ళుమూసుకుని వెనకది తీస్కోండి.

మొదటి వరస, అంటే ముందు గోడ ఉండేది, నాకు అంత నచ్చదు. మోకాళ్ళకి బానే ఉంటుంది గానీ కాళ్ళు బారజాపుదామంటే పాదం గోడకి తగుల్తుంది, ట్రే చేతి పక్కన ఉండే హ్యాండిల్లో దాస్తారు కాబట్టి ఆ హ్యాండిల్ పైకి లేవదు, సీటు కూడా కొంచెం ఇరుకు. లాంగ్ ఫ్లైట్లలో ఉయ్యాల తగిలించేది కూడా ఆ గోడకే, సో పక్కన పసిపిల్లలు గ్యారంటీ అనుకోండి. పెద్ద విమానాల్లో డోర్ దగ్గరి సీట్లయితే కాళ్ళకి అడ్డే లేదు, కాకపోతే బాత్రూమ్ క్యూ మొత్తం మీ ఒళ్ళో నిలబడుతుంది, డోర్ పక్కన చలి కూడా ఎక్కువే. అక్కడ విండో సీటుకి డోర్ ఉబ్బు కాలికి అడ్డొస్తుంది, అదీ చూస్కోవాలి.

నన్ను ఎక్కువమంది అడిగేది మాత్రం అమ్మానాన్నల గురించి. డల్లాస్ వెళ్తున్నారు, మోకాళ్ళ నొప్పులు, ఎగ్జిట్ రో కొనేద్దామా అని. వద్దు. అవసరమైతే డోర్ తెరిచి సాయం చెయ్యగలిగినవాళ్ళే అక్కడ కూర్చోవాలి, క్రూ చెప్పేది అర్థం కావాలి, మరి మనమేమో ముందే వీల్‌చెయిర్ పెట్టేసి ఉంటాం. ఎక్కాక లేపి వేరే చోట కూర్చోబెడతారు, అది మిడిల్ సీటైతే పాపం గంటల తరబడి అంతే. మొదటి వరస కూడా వాళ్ళకి కష్టమే, బ్యాగ్ కింద పెట్టడానికి ముందు సీటు ఉండదు కాబట్టి మందుల బ్యాగ్ పైకెళ్ళిపోతుంది, మాటిమాటికీ ఎవర్ని అడుగుతారు? నన్నడిగితే మామూలు వరసలోనే ఐల్ (నడిచే దారి పక్క సీటు) ఒకటి, దాని పక్కది ఒకటి. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యగలగడం రెండంగుళాల ఖాళీ కంటే మేలు. చాలా బోయింగ్ 777 విమానాల్లో తోక దగ్గర విమానం సన్నబడుతుంది, అక్కడ పక్క వరసల్లో మూడు బదులు రెండే సీట్లుంటాయి, ఇద్దరికీ అదైతే ఇంకా హాయి, మూడోమనిషిని లేపే పన్లేదు.

ఇంకోటి, డబ్బు కట్టాక కూడా విమానం మార్చేస్తే మన సీటు ఎగిరిపోవచ్చు. బయల్దేరే రెండ్రోజుల ముందు బుకింగ్ తెరిచి మళ్ళీ చూస్కోండి, రసీదు దాచుకోండి, సీటు ఇవ్వకపోతే ఆ డబ్బు వెనక్కి అడగండి, మొహమాటపడొద్దు.

మొహమాటం అంటే గుర్తొచ్చింది, ఎక్కగానే "అన్నా, మా ఆవిడ ఇక్కడుంది, మీరు 27బీకి వెళ్తారా" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ అన్న మోకాళ్ళు చూపించి నవ్వుతాడు గానీ లేవడు.