పడిపోయిన కుక్క మళ్లీ లేచి నడిచేదాకా

పెద్ద వయసు కుక్క ఉన్నట్టుండి ఒక పక్కకి ఒరిగిపోతుంది. తల వంకర పెడుతుంది, కళ్లు ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటాయి, లేవబోతే దొర్లిపోతుంది. చూసినవాళ్లంతా పక్షవాతం అంటారు. చాలాసార్లు అది పక్షవాతం కాదు. లోపలి చెవిలో ఒంటి తూకం చూసుకునే భాగం దెబ్బతిన్నా అచ్చం ఇలాగే ఉంటుంది. డాక్టర్లు దాన్ని వెస్టిబ్యులర్ సమస్య అంటారు. ముసలి కుక్కల్లో ఏ కారణమూ దొరక్కుండా వచ్చే రకమైతే మూడు రోజుల్లో నెమ్మదించడం మొదలై, రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. నిజంగా మెదడులో రక్తనాళం మూసుకుపోయిన కుక్కలు కూడా చాలావరకు కొన్ని వారాల్లో కోలుకుంటాయి. అందుకే మొదటి రోజు కనిపించిన దృశ్యాన్ని బట్టి కారుణ్య మరణం గురించి నిర్ణయం తీసుకోవద్దు. ఈ జబ్బులో మొదటి రోజే అన్నిటికంటే భయంకరంగా ఉంటుంది.

పడిపోగానే కుక్కను మెట్లకు, పదునైన అంచులకు దూరంగా నేల మీదే పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, తిండి, మాత్ర ఏదీ వేయకండి. టైము రాసుకుని, ముఖం దగ్గరగా ఒక నిమిషం వీడియో తీయండి. కళ్లు ఎటు కొట్టుకుంటున్నాయన్నది డాక్టరుకు చాలా పనికొస్తుంది, క్లినిక్‌కి చేరేసరికి ఆ కదలిక తగ్గిపోయి ఉండొచ్చు. ఏ కుక్కనైనా అదే రోజు చూపించాలి. ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా నీలంగా మారినా, పిలిస్తే స్పృహ లేకపోయినా ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మనుషులకు పక్షవాతం వస్తే ఆస్పిరిన్ ఇస్తారని కుక్కకు వేయకండి. మెదడులో నాళం మూసుకుపోయిందా, చిట్లి రక్తం కారిందా అన్నది స్కాన్‌లో తప్ప తెలియదు. కారుతున్నదైతే ఆస్పిరిన్ దాన్ని పెంచుతుంది. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కుక్కకు విషమయ్యే మందులు. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు ఈ స్థితిలో మేలు చేయవు, బీపీ, షుగరు ఉన్న కుక్కకు కీడే చేస్తాయి. ఈ మధ్య విరేచనాలకు మెట్రోనిడజోల్ వాడి ఉంటే తప్పక చెప్పండి, మోతాదు ఎక్కువైతే అదే ఈ లక్షణాలన్నీ తెస్తుంది. చెవిలో చుక్కల మందు వేస్తుంటే అదీ చెప్పండి, కర్ణభేరి చిల్లుపడి ఉంటే కొన్ని రకాలు లోపలి చెవిని పాడుచేస్తాయి.

మెదడా, చెవా అన్నదానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. కళ్లు పైకీ కిందకీ కొట్టుకుంటే అనుమానం మెదడు మీదకు వెళ్తుంది. కుక్కను పొట్ట కింద పట్టుకుని నిలబెట్టి, ఒక పాదాన్ని మడిచి పైభాగం నేలకు తగిలేలా పెట్టండి. లోపం చెవిలోనే ఉన్న కుక్క వెంటనే పాదాన్ని సరిచేసుకుంటుంది. మడిచినట్టే ఉంచేస్తే లోపం మెదడులోనో వెన్నుపాములోనో ఉన్నట్టు. మూలకు తల ఆనించి నిలబడటం, గిన్నెలో ఒక సగమే తినడం కూడా మెదడు వైపే చూపిస్తాయి. ఆఖరిదాన్ని ఆకలి లేదనుకుని పొరపడతారు. గిన్నెను తిప్పి పెట్టి చూడండి, రెండో సగం కూడా తినేస్తుంది. ఖాయంగా చెప్పేది మాత్రం ఎంఆర్ఐ ఒక్కటే.

డాక్టరును అడగాల్సిన మొదటి పరీక్ష బీపీ. కుక్క కుదురుకున్నాక వరసగా చాలాసార్లు చూసి సగటు తీయాలి, ఒక్క రీడింగుకు విలువ లేదు. పై అంకె 160 దాటి నిలకడగా ఉంటే జబ్బు కిందే లెక్క, 180 దాటితే మెదడు, కళ్లు, కిడ్నీలు ప్రమాదంలో ఉన్నట్టు. బీపీ పెరగడం వెనక తరచు కిడ్నీ జబ్బో, కుషింగ్స్ అనే హార్మోను సమస్యో ఉంటుంది కాబట్టి రక్తంతో పాటు మూత్రంలో ప్రోటీన్ కూడా చూడాలి. థైరాయిడ్, షుగరు, గుండె, చెవి లోపలి భాగం కూడా చూడాలి. వాంతి ఆపే మందు గురించి మీరే అడగండి. తల తిరుగుతున్న కుక్కకు కడుపులో తిప్పుతూనే ఉంటుంది. చొంగ కారుస్తూ, పెదాలు నాక్కుంటూ తిండి దగ్గర ముఖం తిప్పేసుకుంటే బతుకు మీద ఆశ వదులుకుందనుకుంటారు. వాంతి ఆపే మారోపిటెంట్ ఇచ్చాక అదే కుక్క తినడం తరచు చూసేదే.

ఇక ఇంటి సేవ. అసలు కష్టం ఇక్కడే. పరుపు మందంగా ఉండాలి, మోచేయి గుచ్చి చూస్తే కింద నేల తగలకూడదు. పైన తడి పీల్చే గుడ్డ వేయండి. కదల్లేని కుక్కను ప్రతి 2 నుంచి 4 గంటలకు పక్క మార్చాలి. లేకపోతే భుజం, తుంటి, మోచేయి దగ్గర చర్మం ఎర్రబడి పుండవుతుంది, కింది వైపు ఉన్న ఊపిరితిత్తిలో నెమ్ము చేరుతుంది. కాళ్లు పైకెత్తి వెల్లకిలా దొర్లించకండి. ముందు బోర్లా, రొమ్ము మీద కూర్చోబెట్టి, నెమ్మదిగా రెండో పక్కకు వాల్చండి. తల తిరిగే కుక్కను ఊరికే ఎత్తుకోవద్దు, పాదాలు నేల వదిలితే తిప్పుడు ఎక్కువవుతుంది. ఎత్తక తప్పకపోతే ఒళ్లంతా మీ రొమ్ముకు ఆనేలా పట్టుకోండి. రాత్రి చిన్న దీపం ఉంచండి. చెవి తూకం తప్పినప్పుడు కుక్క కంటిచూపుతోనే నిలదొక్కుకుంటుంది, చీకట్లో ఆ ఆసరా కూడా పోతుంది.

తిండి, నీళ్లు ఎప్పుడూ బోర్లా కూర్చున్నప్పుడే, తల రొమ్ము కంటే ఎత్తులో ఉంచి పెట్టాలి. పక్కకి పడుకున్న కుక్క నోట్లో సిరంజితో నీళ్లు కొట్టడం ఈ సేవలో జరిగే అతి పెద్ద తప్పు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, పక్షవాతాన్ని తట్టుకున్న కుక్క దానితో పోతుంది. మెత్తటి తిండిని చిన్న ముద్దలుగా పెట్టి, మింగిందని చూశాకే తర్వాతిది పెట్టండి. తిన్నాక పావుగంట అలాగే కూర్చోబెట్టండి. నీళ్లు రోజుకు కిలో బరువుకు సుమారు 50 మి.లీ., తడి తిండిలో ఉన్నదీ కలిపి. 20 కిలోల కుక్కకు ఒక లీటరు. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 దాటుతున్నా, దగ్గు, జ్వరం వచ్చినా వెంటనే చూపించాలి.

మూత్రం విషయంలో చాలామంది మోసపోతారు. పరుపు తడిసింది కదా, పోసిందనుకుంటారు. మూత్రాశయం పూర్తిగా నిండి పొంగినా బొట్లు బొట్లుగా కారుతుంది. పొట్ట కింద గట్టిగా బంతిలా తగిలినా, 12 గంటలుగా పోయకపోయినా డాక్టరుకు చెప్పండి. నొక్కి పోయించే పద్ధతిని ఆయన చేతిమీద చూసి నేర్చుకోవాలి, సొంతంగా ప్రయత్నించకండి. రెప్ప మూయలేని కన్ను ఎండి పుండు పడుతుంది కాబట్టి కంటి జెల్ రోజుకు ఎన్నిసార్లు వేయాలో కూడా అడిగి రాసుకోండి.

డాక్టరు సరేనన్నాక, మామూలుగా రెండు మూడు రోజుల తర్వాత, కాళ్లకు పని మొదలుపెట్టండి. చచ్చుబడిన కాలు పైకి వచ్చేలా పడుకోబెట్టి, వేళ్ల నుంచి భుజం దాకా ఒక్కో కీలును మెల్లగా మడిచి చాపండి. కీలుకు 10 నుంచి 15 సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. బిగుసుకున్న చోట బలవంతం చేయకండి. నిలబెట్టడం ఒకటి రెండు నిమిషాలతో మొదలవ్వాలి. నిలబెట్టేటప్పుడు పట్టుకోవడానికి నడుముకు మడిచిన తువ్వాలు చాలు, మగ కుక్కకైతే మూత్రం పోసే చోటికి అడ్డు రాకుండా కట్టండి. పక్కకి పడే కుక్కకు రొమ్ము పట్టీ కూడా కావాలి. మెడ పట్టీ పట్టి లాగొద్దు. నేల నునుపుగా ఉంటే జారని చాపలు పరచండి, గోళ్లు, అరికాళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి. పాదం మడిచి ఈడుస్తుంటే చర్మం గీసుకుపోకుండా మేజోడు వేయండి, లోపల తడి చేరకుండా రోజూ విప్పి చూడండి.

కోలుకునే తీరు తిన్నగా ఉండదు. అలసిన సాయంత్రం మళ్లీ తూలుతుంది, అది తిరగబెట్టడం కాదు. తల వంకర కొన్ని కుక్కలకు జీవితాంతం ఉండిపోతుంది, దానితోనే హాయిగా పరిగెత్తుతాయి. పక్షవాతమైతే మొదటి రెండు మూడు రోజులు మెదడు వాపుతో కొంత దిగజారొచ్చు, ఆ తర్వాత దిగజారడం ఆగాలి, మెరుగవ్వాలి. నాలుగో రోజు దాటాక కూడా రోజురోజుకీ క్షీణిస్తుంటే అది మెదడులో గడ్డో వాపు జబ్బో అయ్యుండొచ్చు, ఎంఆర్ఐని అప్పుడు వాయిదా వేయకండి. రోజూ ఒకే చోట, ఒకే వేళకు అర నిమిషం నడక వీడియో తీసి పెట్టుకుంటే మార్పు కళ్లకు కడుతుంది. బీపీకి ఆమ్లోడిపిన్ మొదలుపెట్టి ఉంటే మాత్రం, కుక్క మునుపటిలా నడుస్తోందని ఆపేయకండి. ఆపాలా, తగ్గించాలా అన్నది మళ్లీ బీపీ చూశాకే.