చూడి కుందేలు, ఈత పెట్టె: నా అనుభవం

తిరుపతిలో కుందేలును ఈనించదలచినవారు అన్నిటికంటే ముందు ఎండను లెక్కలోకి తీసుకోవాలి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య సుఖంగా ఉండే ఈ జీవికి మన ఏప్రిల్, మే నెలలు దుర్భరం. ఆ వేడికి మగ కుందేళ్ళు కొంతకాలం సంతానోత్పత్తి శక్తిని కోల్పోవడం కూడా ఉంది. అందువల్ల నేను మా న్యూజిలాండ్ వైట్ జాతి ఆడ కుందేలును జనవరి చివర్లోనే జత కట్టించాను. ఆడదానినే మగదాని గూటికి తీసుకువెళ్ళాలి. మగదానిని దీని గూటిలో వదిలితే, తన చోటును కాపాడుకోవడానికి ఇది కొట్లాటకు దిగుతుంది. ఆ తేదీని వెంటనే క్యాలెండరులో రాసిపెట్టాను, ఎందుకంటే తరువాతి పనులన్నీ దాని నుంచి లెక్కించవలసినవే.

మగదానిని దగ్గరకు రానివ్వకపోవడం, చిరాకు పడటం, పొట్ట పెరగడం వంటివి చూడికి గుర్తులని చాలామంది చెబుతారు. నేను వాటిని నమ్ముకోలేదు. కుందేలులో జత కట్టిన తరువాతే అండాలు విడుదలవుతాయి కనుక, గర్భం నిలవకపోయినా నిలిచినట్టే దాని శరీరం ప్రవర్తించవచ్చు. ఇది సుమారు 16 నుంచి 18 రోజులు సాగుతుంది. ఆ చివర్లో కుందేలు బొచ్చు పీకి గూడు కూడా కడుతుంది. అసలు ఈతకు 31 రోజులు పడుతుంది కాబట్టి, మూడో వారంలోనే గూడు కడితే సంతోషించడానికి బదులు అనుమానించాలి.

నమ్మదగిన పరీక్ష 10 నుంచి 14 రోజుల మధ్య పొట్టను తడిమి చూడటమే. పశువైద్యం చదివిన మా చిన్నాన్న కూతురు దగ్గరుండి నాకు నేర్పింది. బల్ల మీద గోనెపట్టా పరిచి, కుందేలును కాళ్ళు జారకుండా నిలబెట్టి, ఒక చేత్తో భుజాల దగ్గర పట్టుకుని, రెండో చేతిని వెనక కాళ్ళకు ముందుగా పొట్ట కిందికి పోనిచ్చి, బొటనవేలికీ తక్కిన వేళ్ళకూ మధ్య పొత్తికడుపును మెల్లగా వెనక్కి జారనివ్వాలి. "నొక్కవద్దక్కా, వాటంతట అవే వేళ్ళ కింద జారతాయి" అని ఆమె ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. గోలీలంత ఉన్న పిండాలు మెత్తగా, జారుడుగా, వరుసగా తగిలాయి. వెన్నెముకకు దగ్గరగా గట్టిగా తగిలేవి పేగులోని పెంటికలు. కొత్తవారు తడబడేది ఇక్కడే.

మేతను ఒక్కసారిగా పెంచలేదు, కొవ్వు పట్టిన కుందేలు ఈతలో కష్టపడుతుంది కాబట్టి. మన వైపు సులభంగా దొరికే వేరుశనగ కట్టెను బూజు లేకుండా చూసి ఇచ్చాను. నీరు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

పిల్లలు పెట్టడానికి గూడుగా వాడే ఈత పెట్టెను 28వ రోజున పెట్టాను. అంతకంటే ముందు పెడితే కుందేలు దానిని మలమూత్రాలకు వాడుకుని పాడుచేస్తుంది. ఆలస్యమైతే పిల్లలు జాలీ నేల మీద పడతాయి. 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు గల చెక్కపెట్టె అది. ముందువైపు గోడ తల్లి సులభంగా దాటేంత తక్కువ ఎత్తులో, అడుగున తేమ దిగడానికి రంధ్రాలతో ఉంది. అందులో పొడి వరిగడ్డి పరిచాను. ఈతకు ముందు అది నోటితో గడ్డి సర్దుకుని, గంగడోలు మీదా పొట్ట మీదా బొచ్చు పీకి పరుచుకుంది. దీనివల్ల పిల్లలకు వెచ్చదనం దక్కుతుంది, చనుమొనలు కూడా బయటపడతాయి.

ఈత తెల్లవారుజామున జరిగింది. తల్లికి పచ్చిమేత వేసి, అది తినే సమయంలో పెట్టెలో చెయ్యిపెట్టి పిల్లలన్నీ వెచ్చగా ఒకచోట ఉన్నాయో లేదో చూశాను. చనిపోయిన పిల్ల ఉంటే అప్పుడే తీసేయాలి. తల్లి రోజంతా పెట్టెకు దూరంగా ఉండటం చూసి మా అత్తగారు కంగారుపడ్డారు గానీ, కుందేలు రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే, అదీ కొద్ది నిమిషాలే పిల్లలకు పాలు ఇస్తుంది. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే చాలు. మార్చి ఎండ ముదిరేకొద్దీ పైన కప్పిన బొచ్చును కొంత పలుచన చేశాను. 10 నుంచి 12 రోజులకు కళ్ళు తెరుస్తాయి. ఈనిన రోజునే తల్లి మళ్ళీ చూడి కట్టగలదు కనుక మగదానిని వేరుగానే ఉంచాను. తరువాతి జత వానలు పడి చల్లబడ్డాకే.