ఐపీఎల్ బాగానే అయింది, షెడ్యూలరే లేవలేదు

మా క్లయింట్ అమెరికాలో ఒక బ్యాంకు. అక్కడ శనివారం అర్ధరాత్రి అంటే హైదరాబాద్‌లో మాకు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. వాళ్ల మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్. దాని మెయింటెనెన్స్ (ప్యాచ్‌లు) అంతా కొత్త రెస్ ప్యాక్ (సిస్టమ్ లోడయ్యే డిస్క్) మీద ముందే వేసి పెట్టాం. ఇక మిగిలింది ఐపీఎల్, అంటే సిస్టమ్‌ను ఆపి ఆ కొత్త ప్యాక్ నుంచి మళ్లీ లోడ్ చేయడం. అది సాఫీగానే అయింది. సిస్టమ్ సర్వీసులు జెస్2, వీట్యామ్, టీసీపీ లేచాయి, డేటాబేస్ డీబీ2 వచ్చింది, లావాదేవీలు నడిపే సీఐసీఎస్ రీజియన్లు వచ్చాయి. జాబ్‌లను వేళకి నడిపించే జాబ్ షెడ్యూలర్ మాత్రం లేవలేదు. స్టార్ట్ కమాండ్ ఇవ్వగానే కన్సోల్ మీద ఐఈఎఫ్450ఐ మెసేజ్, ఎస్047 అబెండ్ (ప్రోగ్రాం మధ్యలోనే పడిపోవడం). మళ్లీ స్టార్ట్ చేసినా అదే.

షెడ్యూలర్ లేవకపోతే బ్యాచ్ (వరసగా నడిచే జాబ్‌లు) కదలదు. బ్యాచ్ కదలకపోతే సోమవారం బ్రాంచీలు తెరిచేసరికి ఖాతాల్లో లెక్కలు తేలవు. అందుకే బ్రిడ్జ్ కాల్‌లో టెన్షన్ మొదలైంది. మెయింటెనెన్స్ వేశాకే పడింది కాబట్టి మెయింటెనెన్స్‌దే తప్పు, పాత ప్యాక్‌కి వెనక్కి వెళ్లిపోదాం అన్నారు కాల్‌లో ఉన్నవాళ్లు. ఆపరేషన్స్‌లో ఉన్న కుర్రాడు నాకు విడిగా ఫోన్ చేసి, "అన్నా, షెడ్యూలర్ ప్రాక్‌ని ఎవరూ ముట్టుకోలేదు, పార్మ్‌లిబ్ కూడా ముట్టుకోలేదు" అన్నాడు (ప్రాక్ అంటే దాన్ని స్టార్ట్ చేసే స్క్రిప్ట్, పార్మ్‌లిబ్ అంటే సిస్టమ్ సెట్టింగులు ఉండే చోటు). ఆ మాటే నాకు పనికొచ్చింది. ఎవరూ ఏమీ మార్చకుండానే ఒకటి పనిచేయడం మానేసిందంటే, ఐపీఎల్ వల్ల తనంతట తాను మారేది ఏదో ఉండాలి. కాసేపు టైమ్ ఇవ్వమని అడిగాను.

047 అంటే అధికారం లేని ప్రోగ్రాం, అధికారం ఉన్నవాళ్లే చేయాల్సిన సర్వీస్ కాల్ చేసిందని అర్థం. ఆ అధికారం ఏపీఎఫ్ జాబితా నుంచి, అంటే అధికారం ఇచ్చిన ప్రోగ్రాం లైబ్రరీల పట్టిక నుంచి వస్తుంది. పార్మ్‌లిబ్‌లోని ప్రోగ్ మెంబర్‌లో (ఒక సెట్టింగుల ఫైల్) లైబ్రరీ పేరు, అది ఉన్న వాల్యూమ్ (డిస్క్) రెండూ రాస్తాం. రెండూ కలిస్తేనే లెక్క. ఓటరు జాబితాలో పేరున్నా వేరే బూత్‌కి వెళ్తే ఓటు వేయనివ్వనట్టే, వాల్యూమ్ తేడా వస్తే పేరున్నా సిస్టమ్ ఒప్పుకోదు. ఇంకో నియమం కూడా ఉంది. స్టెప్‌లిబ్‌లో, అంటే ప్రోగ్రాంల కోసం ముందు వెతకమని ప్రాక్‌లో చెప్పే చోట, వరసగా పెట్టిన లైబ్రరీల్లో ఒక్కదానికి అధికారం లేకపోయినా, మొత్తం వరసకే అధికారం పోతుంది. దీన్ని మర్చిపోతే అసలు ప్రోగ్రాం ఉన్న పెద్ద లైబ్రరీనే చూసి, అది సరిగ్గానే ఉంది కదా అని తల పట్టుకుంటాం.

షెడ్యూలర్ ప్రాక్ తెరిచి స్టెప్‌లిబ్‌లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా, ఏపీఎఫ్ జాబితా చూపించే డీ ప్రోగ్,ఏపీఎఫ్ కమాండ్ ఇచ్చి పోల్చాను. పెద్ద లైబ్రరీలు బాగానే ఉన్నాయి. చివర్లో యూజర్ ఎగ్జిట్ల (సొంతంగా రాసి తగిలించుకునే చిన్న ప్రోగ్రాంల) కోసం పెట్టిన చిన్న లైబ్రరీ ఉంది. దాని పేరు జాబితాలో ఉంది, పక్కన వాల్యూమ్ మాత్రం కొత్త రెస్ ప్యాక్‌ది. ఏది ఏ వాల్యూమ్ మీద ఉందో చెప్పే క్యాటలాగ్‌లో చూస్తే అది పాత రెస్ ప్యాక్ మీద ఉంది. ప్రోగ్ మెంబర్ తెరిస్తే విషయం తేలింది. ఆ లైబ్రరీకి వాల్యూమ్ దగ్గర ఆరు నక్షత్రాలు రాసి ఉన్నాయి. ఆ ఆరు నక్షత్రాలకు అర్థం, ప్రస్తుతం ఏ ప్యాక్ నుంచి ఐపీఎల్ అయితే ఆ ప్యాక్ అని. ఎప్పుడో ఎవరో జాగా దొరికిందని ఎగ్జిట్ లైబ్రరీని రెస్ ప్యాక్ మీద పెట్టారు. ఆ ప్యాక్ నుంచి నడిచినన్నాళ్లూ అంతా సరిపోయింది. ప్యాక్ మారగానే నక్షత్రాల అర్థం మారింది, లైబ్రరీ మాత్రం ఉన్నచోటే ఉంది. పాత ప్యాక్ ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉండటంతో లైబ్రరీ దొరకలేదన్న ఎర్రర్ కూడా రాలేదు.

ఇక్కడ నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. మేం పాత ప్యాక్‌కి వెనక్కి వెళ్లి ఉంటే షెడ్యూలర్ చక్కగా లేచేది. మెయింటెనెన్స్‌దే తప్పని అందరూ నమ్మేవాళ్లు. ఏ తప్పూ లేని పీటీఎఫ్‌ల (ఐబీఎం ఇచ్చే ప్యాచ్‌ల) మీద కేసు తెరిచి వారాల తరబడి వెతికేవాళ్లం.

ఏపీఎఫ్ జాబితాలో అప్పటికప్పుడు చేర్చే సెట్‌ప్రోగ్ ఏపీఎఫ్,యాడ్ కమాండ్‌లో పాత ప్యాక్ వాల్యూమ్ ఇచ్చి స్టార్ట్ చేయగానే షెడ్యూలర్ లేచింది. బ్యాచ్ కదిలింది. కాల్‌లో అందరూ హమ్మయ్య అనుకునేలోపే కొన్ని జాబ్‌లు ఎస్806తో పడటం మొదలైంది. 806 అంటే అడిగిన మాడ్యూల్ దొరకలేదని. ఇది వేరే కథ. సిస్టమ్ మొత్తం ప్రోగ్రాంల కోసం వెతికే లైబ్రరీల వరసే లింక్‌లిస్ట్. డీ ప్రోగ్,లింక్‌లిస్ట్‌లో ఆ మాడ్యూల్ ఉన్న లైబ్రరీ లేదు. దాచిపెట్టిన పాత సిస్‌లాగ్‌లలో (సిస్టమ్ లాగ్‌లు) సెట్‌ప్రోగ్ అని వెతికితే, పోయిన ఐపీఎల్ తర్వాత ఒక రాత్రి అత్యవసరంగా దాన్ని లింక్‌లిస్ట్‌లో డైనమిక్‌గా కలిపిన కమాండ్ కనిపించింది. కమాండ్‌తో చేసిన మార్పు మెమరీలోనే ఉంటుంది, ప్రోగ్ మెంబర్‌లో రాయకపోతే ఐపీఎల్‌తో పోతుంది. ఇప్పుడున్న లింక్‌లిస్ట్‌కి నకలు డిఫైన్ చేసి, లైబ్రరీ కలిపి, యాక్టివేట్ చేశాం. జాబ్ మొదలయ్యేటప్పుడు ఏ లింక్‌లిస్ట్ అమల్లో ఉంటే దాన్నే పట్టుకుంటుంది కాబట్టి పడిపోయినవాటిని రీస్టార్ట్ చేస్తే సరిపోయింది.

మధ్యాహ్నం భోజనం వేళ దాటాక, శాశ్వతంగా చేయాల్సిన పని మొదలుపెట్టాం. ఎగ్జిట్ లైబ్రరీని ప్రోడక్టుల వాల్యూమ్ మీదికి కాపీ చేసి, క్యాటలాగ్ సరిచేసి, ప్రోగ్ మెంబర్‌లో నక్షత్రాలు తీసేసి ఆ వాల్యూమ్ పేరు రాశాం. లింక్‌లిస్ట్ లైన్ కూడా అందులోనే చేర్చాం.

ఏపీఎఫ్ జాబితాలో ఉన్న లైబ్రరీలు నిజంగా ఆ వాల్యూమ్ మీద ఉన్నాయో లేదో చూడటానికి ఐబీఎం హెల్త్ చెకర్‌లో సీఎస్‌వీ_ఏపీఎఫ్_ఎగ్జిస్ట్స్ అనే చెక్ ఉంది. మంచిదే, కానీ మా విషయంలో ఐపీఎల్‌కి ముందు అది ఏమీ పట్టుకునేది కాదు. అప్పటికి నక్షత్రాలంటే పాత ప్యాకే, లైబ్రరీ అక్కడే ఉంది. అందుకే ఇప్పుడు ప్రతి ఐపీఎల్‌కి ముందు రెండు పనులు చేస్తున్నాం. మొదటిది, పోయిన ఐపీఎల్ నుంచి సిస్‌లాగ్‌లో ఉన్న సెట్‌ప్రోగ్ కమాండ్‌లన్నీ తీసి మెంబర్‌తో పోల్చడం. రెండోది, డేటాసెట్ల (ఫైళ్ల) జాబితా చూపించే ఐఎస్‌పీఎఫ్ 3.4 స్క్రీన్‌లో పాత రెస్ ప్యాక్ జాబితా, కొత్త ప్యాక్ జాబితా పక్కపక్కన పెట్టి చూడటం. పాతదానిలో ఉండి కొత్తదానిలో లేని డేటాసెట్ ఏది కనిపించినా, దాని సంగతి తేలేదాకా ఐపీఎల్ ఛేంజ్‌కి అప్రూవల్ ఇవ్వం.