ఒకే సరుకు, రెండు రిపోర్టులు: పన్నెండు మూటల వేరుశనగ విత్తనాలతో నా అనుభవం

మాది కదిరి దగ్గర పల్లె. మా అత్త, నేను, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళం కలిసి శనక్కాయల పొడి, బెల్లం ఉండలు చేసి అమ్ముతాం. పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక దుకాణం ఆయన మా ఉండలు రుచి చూసి, నెలనెలా తీసుకుంటానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. అఫ్లాటాక్సిన్ రిపోర్టు కావాలన్నాడు.

ఆ మాట నేను అంతకుముందు విన్నదే. శనక్కాయలు పండే ఊళ్ళో వినకుండా ఎలా ఉంటాం? కాయకు పట్టే ఒక రకం ఆకుపచ్చ బూజు వదిలే విషం అది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి దాణా కోసం తెచ్చిన వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) దగ్గర ఈ విషం బయటపడింది. లివర్‌ను దెబ్బతీస్తుంది. కేన్సర్ తెస్తుందని తేలిపోయిన వాటి జాబితాలో ఉంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకు ఆ ముప్పు ఇంకా చాలా ఎక్కువ. ఇదంతా తెలుసు గానీ, మా మూటల్లో ఉంటుందని మాత్రం అనుకోలేదు.

అప్పటికి మా దగ్గర పన్నెండు మూటలు, ఆరు వందల కిలోల విత్తనాలు ఉన్నాయి. పైన ఉన్న ఒక మూట విప్పి, కిలో తీసి, చేటలో చెరిగి, నల్లవి ముడుతవి ఏరేసి, పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు చేసి ల్యాబ్‌కు పంపాను. కిలోకు 3 మైక్రోగ్రాములని వచ్చింది. మన దేశంలో నేరుగా తినే గింజలకు హద్దు 10, ఇంకా ప్రాసెస్ చేయాల్సిన వాటికి 15. యూరప్‌లో తినే వేరుశనగకైతే 4 మాత్రమే. యూరప్‌కు కూడా పంపొచ్చని అందరికీ చెప్పుకున్నాను.

దుకాణం ఆయన తన వంతుగా ఇంకో మూటలోంచి తీయించి పరీక్ష చేయించాడు. 31 వచ్చింది.

ఆ రోజు టెన్షన్‌తో అన్నం తినలేదు. ల్యాబ్ వాళ్ళు తప్పు చేశారని ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా విని, "అక్కా, నమూనా ఎలా తీశారు?" అని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది: ఈ విషం పాలల్లో నీళ్ళలాగా అంతా సమంగా కలిసిపోదు. వేల గింజల్లో ఏ ఒకటి రెండింటికో పడుతుంది, వాటిలో మాత్రం విపరీతంగా ఉంటుంది. పిడికిట్లో ఆ గింజ పడితే ఒక రిపోర్టు, పడకపోతే ఇంకో రిపోర్టు. యూరప్ వెళ్ళే పెద్ద సరుకుకు ఒకే లాట్ నుంచి 20 కిలోల నమూనా తీస్తారట.

ఆమె చెప్పినట్టే మళ్ళీ చేశాం. ఇనప గొట్టం గుచ్చి ప్రతి మూటలో పైన, నడుమ, అడుగున తీశాం. అన్నీ ఒక పట్టా మీద పోసి బాగా కలిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసుకుని, మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేశాం. చివరికి ఐదు కిలోలు మిగిలాయి. ఈసారి చెరగలేదు, ఏరలేదు. 26 వచ్చింది. రాత్రి లెక్క వేసుకున్నాను. ఆరు వందల కిలోలకు కలిపి మొత్తం విషం 16 మిల్లీగ్రాములు కూడా లేదు. జ్వరం మాత్రలో ఉండే మందే 500 మిల్లీగ్రాములు!

వేయిస్తే పోతుందేమో అంది మా అత్త. కొంత తగ్గుతుంది గానీ పోదు. బూజు చస్తుంది, అది వదిలిన విషం మిగులుతుంది. ఏరడం ఒక్కటే దారి. ఆరుగురం నాలుగు రోజులు కూర్చున్నాం. ముడుత పడ్డవి, రంగు మారినవి, పొట్టు కింద నల్లగా ఉన్నవి, పురుగు తొలిచినవి అన్నీ తీసేశాం. మా అత్త చెయ్యి మిషన్ కంటే నయం, గింజను తాకి చెప్పేది. నోట్లో వేసుకుని చేదుగా ఉంటే ఊసే అలవాటును మాత్రం మాన్పించాను. చేదు లేని గింజలోనూ విషం ఉండొచ్చు. మొత్తం 27 కిలోలు బయటికి వచ్చాయి. మళ్ళీ అదే పద్ధతిలో నమూనా తీసి పంపితే 4 వచ్చింది. పరీక్షల ఖర్చు, కూలి పోను ఆ నెల మాకు మిగిలింది ఏమీ లేదు.

అసలు ఎక్కడ పట్టిందో కూడా వెతికాను. ఆ ఏడు ఊడలు, అంటే పూత నుంచి వచ్చి కాయ పట్టే కాడలు, భూమిలోకి దిగాక వానలు మొహం చాటేశాయి. కాయ ఎండకు మాడితే భూమిలో ఉండగానే బూజు దూరుతుంది. ఆ తర్వాత కాయ ఒలిపించిన చోట మిషన్‌లో పోసేముందు నీళ్ళు చల్లారు. పప్పు పగలకుండా ఉంటుందని చాలాచోట్ల చేసే పనే, తూకం కూడా పెరుగుతుంది. ఆ తడితోనే మూటలు కట్టేశారు. నేను పక్కనే నిలబడి చూస్తూ టీ తాగాను.

ఏరిన 27 కిలోల సంగతి తెలిసి ఒక బ్రోకర్ వచ్చాడు. "గానుగకు పోతాయి మేడమ్, మంచి రేటే ఇస్తా" అన్నాడు. గానుగ నూనెను రిఫైన్ చేయరు కాబట్టి విషం కొంత అందులో ఉండిపోతుంది, ఎక్కువ భాగం చెక్కలోకి పోతుంది. చెక్క గేదె తింటే ఒక్క రోజులోనే పాలల్లో కనిపిస్తుంది, మా ఇంట్లోనూ గేదె ఉంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు, కుక్కలు కూడా. అంత విషం మా గింజల్లో లేదు, నిజమే. అయినా ఇవ్వబుద్ధి కాలేదు. డీజిల్ పోసి తగలబెట్టాను. మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈసారి కొన్న కాయను చుక్క నీళ్ళు చల్లకుండా ఒలిపించాను. మిషన్ ఆయన గొణిగాడు. మామూలు కంటే ఎక్కువే పగిలాయి. పగిలినవి నిలవ ఉంచితే త్వరగా చెడతాయి కాబట్టి ఆ వారమే ఉండలు చేసేశాం.