అలమో ఎదురుగా పెరుగన్నం

పొద్దున మీటింగ్ గంటన్నర సాగింది, తేలిందేమీ లేదు. తలనొప్పి పట్టుకుంటే బాక్స్ తీసుకుని అలమో ప్లాజాకి నడిచాను. శాన్ ఆంటోనియో డౌన్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నందుకు ఆ మాత్రం సుఖం ఉంది. మార్చి మొదటి వారమే కాబట్టి ఎండ ఇంకా ముదరలేదు. పెరుగన్నం, మాగాయ ముక్క, ఎదురుగా అలమో కోటలోని ఆ సున్నపురాయి చర్చి.

కొత్తగా చూసినవాళ్లంతా "ఇంతేనా?" అంటారు. మా మామగారూ అదే అన్నారు. బొబ్బిలి కథ వింటూ పెరిగిన మనిషి, కోటంటే బురుజులుండాలి ఆయనకి. అసలు ఇది కోటగా కట్టింది కాదు, 1718లో మొదలైన స్పానిష్ మిషన్, అంటే క్రైస్తవ మత ప్రచార కేంద్రం. అందరూ ఫొటోలు దిగే ఆ పైన వంపు కూడా, మెక్సికో నుంచి విడిపోవడానికి టెక్సస్ చేసిన 1836 యుద్ధం నాటికి లేదు. 1850లో అమెరికా సైన్యం కట్టించింది.

నాలుగో తరగతికి ఇక్కడ టెక్సస్ చరిత్ర ఉంటుంది. మా పాప ఒక హీరోని ఎంచుకుని, ఆ వేషంలో క్లాసులో మాట్లాడాలట. వంటయ్యాక ఇద్దరం కూర్చున్నాం. 1836 ఫిబ్రవరి 23న మెక్సికో అధ్యక్షుడు సాంతా అన్నా సైన్యం ఊళ్లోకి దిగడం, 13 రోజుల ముట్టడి, మార్చి 6న తెల్లవారకముందే సైనికులు గోడలెక్కడం, అన్నీ వరసగా చెప్పాను. లోపల ఉన్నది సుమారు 200 మంది టెక్సస్ తిరుగుబాటుదారులు. వాళ్ల నాయకుడు ట్రావిస్‌కి 26 ఏళ్లు. సాయం కోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

"మరి ఎవరూ రాలేదా?"

"గొంజాలెస్ అనే ఊరి నుంచి 32 మంది వచ్చారు."

"32 మందేనా!"

ఆ 32 మంది సంగతి నన్నూ ఎప్పుడూ వదలదు. చుట్టూ శత్రువులున్నారని తెలిసీ లోపలికే వెళ్లారు.

తర్వాత ఎస్పార్జా అన్నదమ్ముల దగ్గర ఆగిపోయాం. గ్రెగోరియో కోట లోపల పోరాడాడు, ఫ్రాన్సిస్కో మెక్సికో సైన్యం వైపు ఉన్నాడు. గ్రెగోరియో భార్యాపిల్లలు ఆ చర్చిలోనే ఉండి ప్రాణాలతో బయటపడ్డారు. చనిపోయినవాళ్లని కట్టెలు పేర్చి కాల్చేయమని సాంతా అన్నా ఆజ్ఞ. ఫ్రాన్సిస్కో అనుమతి అడిగి తన తోడబుట్టినవాణ్ణి పూడ్చిపెట్టుకున్నాడు. పాప కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత "వాళ్లమ్మ ఎవరి పార్టీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నాకైతే జో గురించి చెప్పాలని ఉంది. ట్రావిస్ బానిస అతను. దాడిలో బతికాడు, అక్కడ జరిగింది లోకానికి చెప్పినవాళ్లలో ఒకడు. సాంతా అన్నా మంచివాడని అనను. మెక్సికో 1824 రాజ్యాంగాన్ని కాలదన్ని అధికారమంతా గుప్పిట్లో పెట్టుకున్నాడు, జకాటెకాస్ రాష్ట్రం ఎదురు తిరిగితే 1835లో అణిచేశాడు. కానీ 1829లో బానిసత్వాన్ని రద్దు చేసింది మెక్సికోనే. టెక్సస్‌కి మినహాయింపు ఇచ్చినా, అది ఎన్నాళ్లుంటుందోనని వలస వచ్చినవాళ్లకి గుబులు. 1836లో స్వతంత్ర టెక్సస్ రాసుకున్న రాజ్యాంగం బానిసత్వానికి చట్టబద్ధత ఇచ్చేసింది. ఏప్రిల్ 21న శాన్ జసింటోలో, "అలమోని మరవకండి" అన్న కేకల మధ్య, టెక్సస్ వాళ్లు 18 నిమిషాల్లో గెలిచేశారు. ఆ గెలుపుతో జోకి ఒరిగిందేమీ లేదు. ట్రావిస్ ఆస్తి లెక్కలో మళ్లీ బానిసగానే మిగిలాడు. సరిగ్గా ఏడాదికి, 1837 ఏప్రిల్ 21న, పారిపోయాడు. ఊరంతా గెలుపు పండగలో ఉంటుందని ఆ రోజే చూసుకున్నాడేమో. ఇది నా ఊహే, కానీ అలా అనుకోవడం నాకిష్టం.

ఇంత చెప్పాక పాప జోనే ఎంచుకుంటుందని ఆశపడ్డాను. "కథ బాగుందమ్మా, నేను మాత్రం క్రాకెట్" అంది. అలమోలో పోరాడి చనిపోయిన డేవీ క్రాకెట్. ఆ వేషమైతే తోక ఉన్న టోపీ పెట్టుకోవచ్చట! రేపు ఆఫీసు నుంచి వస్తూ బొచ్చు గుడ్డ ఎక్కడ దొరుకుతుందో చూడాలి. ఈయన పాత చలికోటు కాలర్ కత్తిరిద్దామంటున్నారు, అదీ నయమే.